ఈసారి చుట్టు కుడివైపు నుంచి

ఒర్తూలె,
జనవరి

ప్రియమో బావకి,

ఈ ఉత్తరం రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. కాగితం తీసి బల్ల మీద పెట్టి, దాని మీదే ఉల్లిపాయలు తరిగాను కూడా. మీ చెల్లెలు మద్దలేనా ఆ ఉల్లిపాయలు దులిపేసి, "మా అన్నయ్య కార్డుకి జవాబు రాస్తావా, లేకపోతే ఇవాళ్టి నుంచి వంట నువ్వే చేసుకుంటావా?" అంది. అందుకని రాస్తున్నాను. చదువుతుంటే కళ్ళు చెమరిస్తే అది నా ప్రేమ అనుకోకు, ఉల్లిపాయ.

కొత్త సంవత్సరం కార్డులో ఎవరైనా శుభాకాంక్షలు రాస్తారు. నువ్వేం రాశావు? "జూన్‌లో వస్తున్నాను. ఈసారి చుట్టు మొత్తం, ఒక్క రోజులో, మధ్యలో బస్సెక్కేది లేదు. ఎడమకి కాదు, కుడికి." అంతే. సంతకం కూడా అట్ట చివర నుంచి కిందికి జారిపోయింది. పండక్కి ఎంత తాగావు బావా?

చుట్టు మొత్తం అన్నావు, సంతోషం. నువ్వు సముద్రం అవతల జెనోవా రేవులో క్రేన్ దిగి పింఛను పుచ్చుకున్నప్పటి నుంచి ప్రతి ఏడూ సాన్ జువాన్నీ పండక్కి కొండ చుట్టి రావాలని సైకిళ్ళ మీద బయల్దేరుతున్నాం, ప్రతి ఏడూ గాలిగుమ్మం కనుమ మీద బొనారియా కొట్లో భోంచేసి, అదే కడుపుతో బస్సు టాపు మీద సైకిళ్ళు పడేసి ఇంటికొస్తున్నాం. బస్సు నడిపేవాడు నా దగ్గర పని నేర్చుకున్నవాడు కాబట్టి టిక్కెట్టు అడగడు. కానీ చూసే చూపు బాగుండదు.

కానీ కుడికేమిటి? ఈ ఊళ్ళోకి సైకిలు వచ్చిన నాటి నుంచి అందరూ ఫౌంటెన్ దగ్గర ఎడమకే తిరిగారు. ఎడమకి తిరిగితే వెడల్పాటి బస్సు రోడ్డు, ఓక్ చెట్ల నీడలో మెల్లగా గాలిగుమ్మం దాకా ఎక్కుతుంది. అవతలి పక్క గాడిదమెట్లనే నిలువు దారి, ఆ ఇరుకు మలుపుల్లో దిగడమంటే కుర్ర వయసులో మనకి పెళ్ళికంటే పెద్ద సరదా. కింద నల్లరేవులో సముద్రం, అక్కణ్ణించి ఆలివ్ తోటల లోయలోంచి ఇంటికి. నువ్వు చెప్పినట్టు కుడికి తిరిగితే ఆ గాడిదమెట్లు ఎక్కాలి. గాడిదలు కూడా అక్కడ ఎక్కేటప్పుడు ఆగి ఆలోచిస్తాయి.

ఒకే ఒక్కడు కుడికి వెళ్ళాడు, గుర్తుందా? పోస్ట్‌మాన్ తనాసు. సైకిలు పందెంలో అందరికీ ఎదురొచ్చాడు. ఆ రోజు నుంచి చచ్చేదాకా వాడు ఎదురు తనాసే. శవపేటిక కూడా కాళ్ళు ముందా తల ముందా అని పాదిరీ గారు రెండుసార్లు అడిగారట, వాడి విషయంలో ఏదీ ఖాయంగా చెప్పలేమని. నీకూ ఆ పేరు కావాలా?

కారణం చెప్పు. లేదా తాగుడు మానేసి మళ్ళీ రాయి.

మీ గవీనో


జెనోవా,
ఫిబ్రవరి

బావా,

తాగలేదు. కుడికే వెళ్దాం.

కారణం నీకెందుకు? క్రేన్ మీద అన్నేళ్ళు కూర్చున్నవాణ్ణి, ఏది ఎటు నుంచి దింపాలో నాకు తెలుసు. బస్సు నడిపినవాడికి రోడ్డు ఎటు పోతే అటు పోవడమే తెలుసు.

ఇక్కడ మా వీధి కూడా మెట్లలాగే ఉంటుంది. రోజూ తొక్కుతున్నాను, పైకి. కిందికి సైకిలు నడిపించుకుంటూ వస్తున్నాను, బ్రేకులు అరగకుండా. నీ పొట్ట సంగతి చూసుకో. కిందటి ఏడు నీ సీటు అరిచిన అరుపు ఇంకా నా చెవుల్లో ఉంది.

ఒకటి అడగాలి. బస్సు రోడ్డుకి అంచున తెల్లగీత ఉంటుందే, దానికి ఈమధ్య రంగు వేశారా? వెయ్యకపోతే జూన్‌లోగా వేస్తారేమో కనుక్కో.

నీ రాత చీమల బారులా ఉంటోంది. లావు పెన్నుతో రాయి. లైనుకీ లైనుకీ మధ్య చోటు వదులు. కాగితం ఖర్చు నేనిస్తాను.

మద్దలేనాకి ముద్దులు.

ప్రియమో


ఒర్తూలె,
మార్చి

ప్రియమో బావకి,

ఇదిగో, గొర్రెల మీద గుర్తులు వేసే రంగు పెన్ను. అంతియోకో దగ్గర అడిగి తెచ్చాను. దీంతో రాస్తుంటే ఉత్తరం రాస్తున్నట్టు లేదు, గోడ మీద నినాదం రాస్తున్నట్టుంది.

నీ కుడివైపు సంగతి బొనారియా కొట్లో చర్చకు పెట్టాను. పెట్టకూడదని నాకూ తెలుసు. కానీ ఈ కొండ మొత్తానికి ఫోను ఉన్నదే ఆవిడ దగ్గర, రహస్యాలు ఎలాగూ అక్కడికే చేరతాయి, నేనే తీసుకెళ్తే కనీసం కాఫీ దక్కుతుంది.

అంతియోకో అన్నాడు: "మీ బావకి పిచ్చి. వాళ్ళ నాన్న మందని నేను కొన్నప్పుడే అనుకున్నా. గొర్రెలొద్దు, ఓడలు కావాలన్నాడు. ఓడలకి ఉన్ని ఉంటుందా?"

నేనన్నాను: "పిచ్చి కాదోయ్, లెక్క. ఎడమ నుంచి వెళ్తే గాలిగుమ్మానికి తాపీగా చేరతాం, అదేం గొప్ప? గాడిదమెట్లెక్కి, చొక్కా తడిసి, సింహంలా తలుపులో నిలబడితే, బల్ల వెనకున్న మనిషి చూస్తుంది కదా."

బొనారియా గ్లాసు తుడుస్తూ, తలెత్తకుండా, "గాడిదమెట్లెక్కి వస్తాడా? అయితే కాఫీ కాదు, మంచం వేసి ఉంచుతా" అంది.

"ఎవరికోసం వేస్తావమ్మా?" అన్నాడు అంతియోకో.

"నీ నోటికోసం. పడుకోబెడతా."

ఇదీ చర్చ. నా అనుమానం మాత్రం పోలేదు. ఆవిడ భర్త పోయి ఇన్నేళ్ళయింది, నువ్వు ఎప్పుడూ పెళ్ళే చేసుకోలేదు. ఇందులో సిగ్గుపడాల్సిందేముంది? చెప్పొచ్చుగా.

ఇక ప్లాను. నేను ఒప్పుకున్నానని కాదు, ఊరికే కాగితం మీద వేసి చూశాను. కుడినుంచి వెళ్తే ఒక మంచి ఉంది. గాడిదమెట్లున్నది కొండకి పడమటి మొహాన. మధ్యాహ్నం దాకా అక్కడ నీడే. తెల్లవారుతుండగా బయల్దేరితే లోయలో చల్లగా పోయి, నల్లరేవులో సముద్రం పక్కన రొట్టె, జున్ను తిని, ఎండ తిరగకముందే పైకి చేరొచ్చు. నీళ్ళు మాత్రం రేవులోనే నింపుకోవాలి, మెట్ల మీద ఊట ఎండిపోయింది. నీ సైకిలుకి వెనక పెద్ద చక్రం గేరు వేయించు. లేకపోతే రెండో మలుపులో నీ మోకాలు నీతో మాట్లాడటం మానేస్తుంది.

తెల్లగీత గురించి అడిగావు. గాలిగుమ్మం నుంచి ఊరిదాకా కిందటి శరదృతువులోనే కొత్తగా వేశారు. గాడిదమెట్ల మీద గీత లేదు, ఎప్పుడూ లేదు. ఎందుకడిగావో అర్థం కాలేదు. రోడ్డు రంగు చూసి తొక్కుతామా?

దీంతో ఒక ఫోటో పంపుతున్నాను. చూసి నవ్వుకో.

గవీనో


జెనోవా,
మార్చి చివర

బావా,

గీత ఉందన్నావు. అంతే కావాలి. గాడిదమెట్లు ఎక్కుతాం, బస్సు రోడ్డు మీద దిగుతాం. ఖాయం. ఇంక దీని మీద ఉత్తరాలొద్దు. బొనారియా విషయం కొట్లో మాట్లాడితే నీ టైర్లు కోసేస్తాను.

వెనక గేరు వేయించాను. కుర్రవాడు "తాతా, దీంతో గోడెక్కొచ్చు" అన్నాడు.

ఫోటో అందింది. మద్దలేనా బాగుంది. కొంచెం ఒళ్ళు చేసినట్టుంది కానీ ఆ ఏప్రన్ ఆమెకి నప్పింది. అమ్మలాగే ఉంది.

ప్రియమో


ఒర్తూలె,
ఏప్రిల్

ప్రియమో,

నీ ఉత్తరం వంటింట్లో బిగ్గరగా చదివాను. ఫోటో మాట రాగానే మద్దలేనా పడీపడీ నవ్వింది. అందులో ఉన్నది మద్దలేనా కాదు బావా. గొర్రెల బొచ్చు కత్తిరించే రోజు, బట్టలు పాడవుతాయని మద్దలేనా ఏప్రన్ కట్టుకుని వాకిట్లో నిలబడ్డ అంతియోకో. మీసంతో సహా.

నవ్వి నవ్వి, ఉన్నట్టుండి ఆగిపోయింది. చెయ్యి తుడుచుకుని ఫోటో నకలు తీసి చూసింది. "మీసం ఉందిగా" అంది నాతో. గట్టిగా కూడా అనలేదు.

ఆ తర్వాత నీ ఉత్తరాలన్నీ వరసగా బల్ల మీద పరిచాం. కిందటి ఏడు రాత ఇంత లావు లేదు. ఇప్పుడు ఒక్కో అక్షరం రొట్టెంత ఉంది, వాక్యం గుమ్మం దాటి బయటికి పోతోంది.

నేను బస్సు నడిపినవాణ్ణి. రోడ్డు ఎటు పోతే అటు పోవడమే తెలుసన్నావు కదా, ఇంకొకటి కూడా తెలుసు. చలికాలంలో గాలిగుమ్మం మీద పొగమంచు దిగితే ముందు ఏమీ కనబడదు. అప్పుడు డ్రైవరు ముందుకి చూడడు. చూస్తే చచ్చాడే. కంటి చివర నుంచి అంచున తెల్లగీతని పట్టుకుని, దాని వెంట బస్సుని పాకిస్తాడు. వెనక జనం పాటలు పాడుకుంటుంటారు, వాళ్ళకేం తెలియదు. తెల్లగీతకి రంగు వేశారా లేదా అని అడిగేది ప్రపంచంలో ఒక్కడే, పొగమంచులో వెళ్ళబోయేవాడు.

జూన్‌లో పొగమంచు ఉండదు బావా.

మీ వీధిలో కిందికి సైకిలు ఎందుకు నడిపించుకుంటూ వస్తున్నావు? గాడిదమెట్లు దిగడం ఎందుకు వద్దంటున్నావు? బొనారియా కోసమని నేను వెటకారం చేశాను, నువ్వు కాదనలేదు. ఆ వెటకారమే నీకు మేలనిపించిందా?

మద్దలేనా నా భుజం మీద నుంచి చూస్తోంది. కోపంగా రాయమంటుంది, మళ్ళీ కోపంగా రాయొద్దంటుంది. నాకు అడగడం చేతకాదు, నీకు తెలుసు. మాట్లాడమంటే రోజంతా మాట్లాడతాను. అడగమంటే ఇదిగో ఇలా నడుస్తుంది. నీ కళ్ళకేమైంది?

గవీనో


జెనోవా,
ఏప్రిల్ చివర

బావా, చెల్లీ,

దీన్ని కొలబద్ద అడ్డం పెట్టుకుని రాస్తున్నాను. ఎక్కడైనా అక్షరం మీద అక్షరం పడితే సర్దుకోండి.

మధ్యది పోయింది. రెండు కళ్ళలోనూ. అంచులున్నాయి. ఎదురుగా చూస్తే బూడిదరంగు మచ్చ, పక్కకి చూస్తే వీధి, గోడలు, కిటికీల్లో ఆరేసిన బట్టలు, అన్నీ ఉంటాయి. ఏది చూడాలనుకుంటే సరిగ్గా అదే ఉండదు. గవీనో, నువ్వు నా ఎదురుగా నిలబడితే నీ చెవులు రెండూ కనిపిస్తాయి, మధ్యలో మొహం ఉండదు. పెద్ద నష్టమేం కాదు.

డాక్టరమ్మ చాలా మంచిది. ఈ వేసవికి ఇలాగే ఉండొచ్చు, వచ్చే వేసవికి సైకిలు మాట మర్చిపొమ్మంది. ఆకాశంలో క్రేన్ కొక్కెం పట్టుకుని, కింద నేల మీద మనిషి టోపీ గుండీ చూసి చెప్పేవాణ్ణి. అందరూ నన్ను డేగ అనేవారు. అవన్నీ ఎందుకులే.

ఆలోచించే పెట్టుకున్నాను. ఎక్కేటప్పుడు మెల్లగా పోతాం, అంచున గడ్డి కనిపిస్తుంది, దాని పక్కనే తొక్కొచ్చు. గాడిదమెట్లు కళ్ళు మూసుకుని కూడా ఎక్కగలను. దిగలేను. బస్సు రోడ్డు వెడల్పు, గీత ఉంటుంది, నెమ్మదిగా దిగొచ్చు. చిన్నప్పటి నుంచి ఆ చుట్టు ఒక్కసారైనా నీతో మొత్తం తిరిగింది లేదు. ఎప్పుడూ ఏదో తిండో, పందెమో, వానో. ఈ ఏడు కాకపోతే ఇంక లేదు. అందుకని కుడికి అన్నాను. నీకు తెలిస్తే జాలిపడతావని చెప్పలేదు.

ఇప్పుడు తెలిసింది కాబట్టి నేను రావడంలేదు. నువ్వు ముందుండి "ఇటు బావా, రాయి బావా, జాగ్రత్త బావా" అంటుంటే నీ వెనక గొర్రెలా రాను. వయసులో ఆ గొర్రెల్ని వదిలేసే కదా పడవెక్కింది. మద్దలేనా, ఏడవకు. ఆగస్టులో మామూలుగా వస్తాను, అరుగు మీద కూర్చుంటాను.

ప్రియమో


ఒర్తూలె,
మే

ప్రియమో బావకి,

రానన్నావు. సరే. అయినా ఈ ఉత్తరం చదవాలి. మీ పై వాటా టీచరమ్మ చేత చదివించుకో, లావు పెన్నుతో ఇంత రాసేసరికి నా చెయ్యి పడిపోయింది.

నాలుగు రోజులు నేను బొనారియా కొట్టుకే వెళ్ళలేదు. మద్దలేనా నాకు జ్వరమేమోనని నుదురు పట్టుకుని చూసింది. ఐదో రోజు అంతియోకో దొడ్డికి వెళ్ళాను. వాడు పాలు పితుకుతున్నాడు, నేను గోడ మీద కూర్చున్నాను. మంద పైనుంచి దిగుతోంది. చెట్ల వెనక ఉంది, ఒక్క గొర్రె కనబడదు. వాడు తలెత్తకుండానే "ముసలిది ముందుంది, కుంటిది ఆగింది, రెండు పిల్లలు తోటలోకి దూరాయి" అన్నాడు. ఎలా తెలిసిందని నేనేం అడగలేదు. గంటలు. ఆ గంటలెవరివి? మీ నాన్నవి. మంద అమ్మినప్పుడు గంటలతో సహా అమ్మాడు. ఒక్కో గంటకి ఒక్కో గొంతు, అన్నీ కలిస్తే మీ మంద పాట. నువ్వు గడ్డం రాకముందు నుంచీ ఆ పాట వెనకే నడిచావు.

ముందుండే ముసలిదాని మెడలోంచి గంట అడిగాను.

"దేనికి?" అన్నాడు అంతియోకో.

"సైకిలుకి."

"సైకిలు తప్పిపోతుందా?"

చెప్పాను. వాడు పొదుగు వదిలేశాడు. తర్వాత లేచి గంట విప్పి, పేడ తుడిచి, నా చేతిలో పెట్టాడు. "గట్టిగా బిగించకు, ఊగాలి. బిగిస్తే దగ్గుతుంది" అన్నాడు.

ఇప్పుడది నా సీటు కింద ఉంది. నిన్న లోయలో తొక్కి చూశాను. ఎక్కేటప్పుడు ఒక్కో తొక్కుకీ ఒక్కో దెబ్బ. ఎడమకి వాలితే ఒక శబ్దం, కుడికి వాలితే ఒకటి. గుంటలో పడితే పెద్దగా మోగుతుంది, కాబట్టి గుంట సంగతి నేను నోరు తెరిచి చెప్పక్కర్లేదు. ఆగితే ఆగుతుంది. "జాగ్రత్త బావా" అని ఒక్కసారి కూడా అనను, మీ అమ్మ సమాధి మీద ఒట్టు. నేను అసలు మాట్లాడనని మాత్రం ఒట్టు పెట్టలేను.

వెనక గొర్రెలా రానన్నావు. నువ్వు ఊరు వదిలి చాలా కాలమైంది, మర్చిపోయావు. గంట కట్టుకుని ముందు నడిచేది ఎవరు? వెనక కర్ర పట్టుకుని, విని, ఎవరెక్కడున్నారో తెలుసుకుంటూ వచ్చేది ఎవరు? ఈ చుట్టులో గొర్రెని నేను. మెడ బదులు సీటు కింద. ఊళ్ళో జనం నవ్వితే నన్ను చూసి నవ్వుతారు.

నీ గేరు సరే. బ్రేకులు కొత్తవి వేయించు. రొట్టె, జున్ను, ఎండు సాసేజి మద్దలేనా కడుతుంది. గాలిగుమ్మంలో దిగేముందు, ఛాతీకి చలిగాలి కొట్టకుండా చొక్కా లోపల పెట్టుకోవడానికి పాత పేపర్లు ఉంచుతానంది బొనారియా. ఆవిడకి కళ్ళ విషయం నేను చెప్పలేదు. ఆవిడే అంది, "కిందటేడు నా చేతిలో డబ్బులు పెట్టబోయి బల్ల మీద పెట్టాడు. అప్పుడే అనుకున్నా" అని.

కుడికే వెళ్దాం. ఎదురు గవీనో అని పిలిపించుకోవడానికి నేను సిద్ధం.

గవీనో

అన్నయ్యా, నేను మద్దలేనాని. ఈయన చెప్పినవన్నీ నిజమే. లోయలో గంట మోగితే కిటికీ దగ్గరికి పరిగెత్తాను, నాన్న వస్తున్నాడనుకున్నాను. రా.


జెనోవా,
జూన్

బావా,

పండక్కి ముందు రోజు పొద్దున్న పడవ దిగుతాను. సైకిలు పడవలో వేస్తున్నాను.

ముసలిదాని గంటంటే ఏది? అంచున సొట్ట ఉన్నదా? అదైతే చాలు. అదైతే కొండ అవతల నుంచి కూడా గుర్తుపడతాను.

ప్రియమో


జెనోవా,
జూలై

బావా,

క్షేమంగా చేరాను. మోకాళ్ళు ఇంకా చేరలేదు.

ఒకటి చెయ్యి. ఆ రోజంతా నేను చూసింది ఓక్ కొమ్మలు, గడ్డి, నీ మోచేతులు. మిగతాదంతా విన్నాను. నువ్వు చూసింది రాసి పంపు. బాగా కోతలు కోస్తూ రాయి, నీకు అలవాటేగా. టీచరమ్మ సాయంత్రాలు ఖాళీగానే ఉంటుంది.

ప్రియమో


ఒర్తూలె,
జూలై

ప్రియమో బావకి,

నన్ను ఎక్కువ మాట్లాడమని నువ్వు అడగడం ఇదే మొదలు. ఈ ఉత్తరం దాచిపెట్టుకో.

ఫౌంటెన్ దగ్గర జనం చేరింది సాన్ జువాన్నీ కోసం కాదు, మనకోసం. పాదిరీ గారు సైకిళ్ళ మీద నీళ్ళు చల్లి, నా సీటు కింద గంట చూసి, ఇంకొంచెం చల్లారు. మనం కుడికి తిరగగానే ఎవరో "ఎదురు తనాసు లేచాడ్రా" అన్నారు. నువ్వు నవ్వావు, నేను విన్నాను.

లోయలో ఆలివ్ ఆకులు వెండిలా ఉన్నాయి. రేవులో నువ్వు రొట్టె తింటుంటే ఒక పిల్లి నీ సాసేజి మధ్య ముక్క లాక్కుపోయింది. చివరలు రెండూ వదిలేసింది. నువ్వు ఏదో తగ్గిందన్నావు, నేను తిన్నానన్నావు. నేను ఊరుకున్నాను.

గాడిదమెట్ల మీద నీడ నేను చెప్పినట్టే ఉంది. సీసా బిరడాల కోసం బెరడు ఒలిచిన ఓక్ చెట్ల మొద్దులు ఎర్రగా, పచ్చిగా నిలబడి ఉన్నాయి. మూడో మలుపులో నేను ఆగిపోయాను. గొంతులో ఊపిరి లేదు, మాట లేదు. నా జీవితంలో మొదటిసారి మాట లేదు. గంట ఆగింది కదా, నువ్వు వెనక నుంచి, "ఏయ్ ముసలిదానా, నడువు" అన్నావు. మీ నాన్న గొంతుతో అన్నావు. నడిచాను.

గాలిగుమ్మంలో బొనారియా బయటే నిలబడి ఉంది. గంట వినబడుతున్నప్పటి నుంచీ అక్కడే ఉందట. మంచం వెయ్యలేదు, కుర్చీ వేసింది. నువ్వు పేపరు తీసుకుని "ఇందులో వార్తలేమిటి?" అని అడిగావు చూడు, అప్పుడు ఆవిడ నీ చొక్కా గుండీలు విప్పి, పేపరు నీ ఛాతీ మీద పరిచి, పెద్ద అక్షరాలు చదువుకుంటూ వేలితో నొక్కింది. ఏదో మంత్రి రాజీనామా. పాత పేపరు, ఆ మంత్రి మళ్ళీ మంత్రి కూడా అయ్యాడు. ఆవిడ మొహం చూశావా అని నన్ను అడగలేకపోతున్నావు కాబట్టి నేనే చెప్తున్నాను. గుండీలు పెట్టేశాక కూడా చెయ్యి అక్కడే ఉంచింది. నేను మొహం తిప్పుకుని కొండలు చూశాను.

ఇంక దిగడం. తెల్లగీత బాగా ఉంది, గాలి వెనక నుంచి ఉంది, గంట హాయిగా మోగుతోంది. నేను తెలివైనవాణ్ణని అనుకుంటున్నాను. ఒక్క విషయం నాకు తట్టలేదు, అంతియోకోకి తట్టలేదు, పుట్టినప్పటి నుంచీ గొర్రెల మధ్య ఉన్న ఊళ్ళో ఒక్కడికీ తట్టలేదు. జూన్‌లో వాడి మంద ఎక్కడ మేస్తుంది? సరిగ్గా ఆ రోడ్డు పక్క పచ్చికలో. వాటి మెడల్లో ఏ గంటలు? అవే.

ఆఖరి వంపు తిరిగి నేను వెనక్కి చూస్తే రోడ్డు ఖాళీ.

బావా, ఇది నువ్వు చూడలేదు కాబట్టి రాస్తున్నాను. అంత నిండుగా గంటలు మోగుతున్నాయి, రోడ్డు మీద నువ్వు లేవు. ఎంతసేపో తెలియదు. బ్రేకు వేశానో లేదో తెలియదు. నేను ఒట్టు తప్పాను. "జాగ్రత్త బావా" అని కాదు, "ప్రియమో, ప్రియమో" అని అరిచాను.

తర్వాత గొర్రెల మధ్యలో నీ టోపీ కనిపించింది. నువ్వు నా గంట వదిలేసి మీ నాన్న మంద మొత్తాన్ని పట్టుకుని గడ్డిలోకి దిగిపోయావు, సైకిలు ఒక పక్క, నువ్వొక పక్క. కుంటిది నీ పేపరు తింటోంది. నువ్వు వెల్లకిలా పడి నవ్వుతున్నావు. నీకు దెబ్బ తగిలిందా అని అడిగితే, "ఊరుకో, విననీ" అన్నావు. అందుకని నేను కూడా గడ్డిలో కూర్చున్నాను. నా మొహం ఎలా ఉందో నీకు కనిపించకపోవడం ఆ రోజుకి మంచిదే అయింది.

అంతియోకో కర్రతో పరిగెత్తుకొచ్చి, "నా మందని చెడగొడుతున్నారు దొంగ ముసలాళ్ళూ!" అన్నాడు. అని, నీ పక్కనే కూలబడి, "గంట విని ఏది ఎక్కడుందో చెప్పు చూద్దాం" అన్నాడు. నువ్వు చెప్పావు. ఒక్కటి కూడా తప్పలేదు.

మిగతాది ఊరంతా చెప్తున్నదే. నేను సైకిలెక్కగానే ముసలిది వెనక వచ్చింది. దాని వెనక మంద, మంద వెనక నువ్వు. చుట్టు పూర్తిచేసి ఫౌంటెన్ దగ్గర ఆగేసరికి మద్దలేనా ఎదురొచ్చింది, ముందు ఎవరిని కౌగిలించుకోవాలో తెలియక ఒక గొర్రెని తోసేసింది.

బొనారియా నీ విలాసం అడిగింది. లావు పెన్ను కూడా అడిగింది. రెండూ ఇచ్చాను.

గంట తిరిగి ఇస్తానంటే అంతియోకో, ముసలిదానికి కొత్తది కట్టేశానన్నాడు. నిన్న దుకాణానికి రొట్టెకోసం సైకిలు మీద వెళ్ళాను. ముసలిది దుకాణం గుమ్మం దాకా వచ్చింది. నేను రొట్టె కొనుక్కుని బయటికి వచ్చేదాకా అక్కడే నిలబడింది.

గవీనో